ముందున్నవాడే గెలుస్తాడు

జూలై 16, గురువారం
వాన. గోల్ఫ్ టోర్నీ మొదలైంది. రూత్ లేని మొదటి జూలై. టీవీ పెట్టకూడదనుకున్నాను... పెట్టాను.

జూలై 17
విశాఖ నుంచి రూత్ తమ్ముడు ప్రకాష్ ఫోన్. "బావా, ఆదివారం ఆకరి రౌండు మీ ఇంట్లోనే సూద్దాం. అక్కుంటే పిలిసేదే కదా."
కాదనలేకపోయాను.
వాళ్ల నాన్న గోల్ఫ్ మైదానంలో గడ్డి కోసేవాడు. ఆ గడ్డి మీదే పెరిగారు అక్కాతమ్ముళ్లు. నాకు ఆట రాదు, స్కోర్లు వచ్చు. రూత్ స్కోరు చూసేది కాదు. "గాలి ఎటుందో సూడండి" — అంతే.

జూలై 18
మూడు రౌండ్లు అయ్యాయి. ఆటగాళ్లలో ఆ పొడుగాయన మూడు షాట్లు ముందున్నాడు. ముందున్నవాడే సాధారణంగా గెలుస్తాడు. గెలిచేది ఆయనేనని కాగితం మీద పేరు రాసి టీవీ మీద పెట్టాను. ఏటా రెండు కాగితాలుండేవి, నాదొకటి, రూత్‌దొకటి.

జూలై 19, ఆదివారం
చర్చి నుంచి వచ్చేసరికి ప్రకాష్ గుమ్మంలో ఉన్నాడు. సమాధి దగ్గరికి ఒక్కడే వెళ్లొచ్చాడట.
సాయంత్రం ఆట. నా కాగితం చూసి నవ్వాడు.
"ఏటి బావా, ఇంకా లెక్కలేనా? గాలి తిరిగింది సూడు. ఆడి పనైపోనాది."
"మూడు షాట్లురా."
"సముద్రం పక్కన మూడు షాట్లొక లెక్కా?"
పొడుగాయన బంతి పొదల్లో పడింది. తెర మీంచి చూపు తిప్పకుండానే ప్రకాష్ అడిగాడు — "ఆసుపత్రికి తేకముందు అక్కకి జరం ఎన్నాళ్లుంది?"
"రెండు రోజులు."
"మరి ఆ డాక్టరు ఆలీసంగా తెచ్చారంటాడేటి? రెండ్రోజులు ఆలీసమా? ఆళ్ల తప్పు మన మీద తోస్తన్నారు."
కరెంటు పోయింది. చీకట్లో లేచి కొవ్వొత్తి వెతికాను.

ఇక్కడైనా రాయాలి. జ్వరం రెండు కాదు, ఐదు రోజులు.
ఏజెన్సీలో జ్వరమంటే మలేరియా. రక్తపరీక్షకు ముందే మాత్ర — ఇక్కడ అందరం అంతే. నేనే కొని తెచ్చాను. నేనే వేశాను. "ఇది ఆ చలి కాదండి" అంది. నూటికి తొంభై అదే అన్నాను. లెక్చరర్ని కదా. నాలుగో రోజున కూడా ఘాట్ దిగలేదు... వాన అన్నాను.

జూలై 20
పొద్దున్న బస్టాండు దగ్గర ఫోన్‌కి సిగ్నల్ దొరికింది. పొడుగాయనే గెలిచాడు, ఒక్క షాటు తేడాతో.
ప్రకాష్ నా భుజం తట్టాడు. "నువ్వే నెగ్గినావు బావా. నీ లెక్క తప్పదు."
బస్సెక్కాడు. చెప్పాలని కిటికీ దాకా వెళ్లాను. "బేగి ఇంటికెళ్లు, తడుస్తన్నావు" అన్నాడు.

జూలై 21
వాన. ఏమీ తినలేదు.

జూలై 22
ప్రకాష్ మెసేజ్. "శుక్రవారం పది గంటలకి ఆ డాక్టరుని కలుత్తున్నాం. అడగాల్సినవన్నీ గట్టిగా అడగాలి. నువ్వే మాటాడు బావా. సదువుకున్నోడివి."
వాడి ఫోన్లో రెండు నీలం గీతలు పడే ఉంటాయి. చదివానని వాడికి తెలుసు.