ఎడమ కాలి చెప్పు

అక్కా,

ఈ కార్డు అమ్మకి చదివి వినిపించకు. అడిగితే కులాసాగా ఉన్నానని చెప్పు.

వెన్ను ఆపరేషను తర్వాత ఈ నడుం నొప్పి ఎప్పుడూ ఉన్నదే. నిన్న దుకాణంలో కుట్టుమిషను ముందు కూర్చోబోతుంటే, గుండీలు కుట్టే పిన్ని “ఒంటి చెప్పుతో వచ్చావేంటే?” అని నవ్వింది. చూసుకుంటే ఎడమ కాలికి చెప్పు లేదు. దారిలో ఎక్కడ ఊడిందో తెలియదు. పాదంలో గాజుపెంకు దిగి నెత్తురు కారుతోంది. పిన్ని దాన్ని లాగి తీసినా నాకు చురుక్కుమనలేదు. ఇన్నాళ్లూ నొప్పి పోతే చాలనుకున్నదాన్ని, నొప్పి పుట్టలేదని భయపడ్డాను. రేపు డాక్టరు దగ్గరికి వెళ్తున్నాను. మళ్ళీ కోయాలంటాడేమో.

వంటింటి గొళ్ళెం బాగుచేయించావా? బావగారికి దగ్గు తగ్గిందా? ఇటు ఎవరైనా వస్తుంటే నా పాత బొంత పంపు, కుర్చీలో వీపు వెనక పెట్టుకుంటాను. బావగారికి నమస్కారాలు. నీ దగ్గరున్న నా చిన్నోడికి ముద్దులు.

చోటు అయిపోయింది, అడ్రసు పక్కనున్న ఖాళీలో రాస్తున్నాను. నేనొచ్చినప్పుడు, నేను కూర్చున్నాకే నా దగ్గరికి రావాలని వాడికి ఇప్పటినుంచే నేర్పు. పరిగెత్తుకొచ్చి చేతులు చాపితే, నేను ఎత్తుకోకుండా ఉండలేను.

నీ చెల్లెలు