దీవిలో తీయని ఫొటోలు

పోర్ట్ బ్లెయిర్

గౌరవనీయులైన బావగారికి,

మీ బావమరిది యుగంధర్ నమస్కారాలు. ఫోన్ చేస్తే మీరు నాతో ఒక మాట, మీ స్టీలు సామాన్ల కొట్టుకి వచ్చిన బేరంతో నాలుగు మాటలు మాట్లాడతారు. మొన్న "ఒంట్లో ఎలా ఉంది బావగారూ" అంటే "గట్టి స్టీలు, సొట్ట పడదు" అన్నారు. అందుకే కాగితం మీద పెడుతున్నాను.

మీరూ అక్కా అండమాన్ చూడ్డానికి వస్తున్నారు కదా. రాజాం పెళ్ళిలో మీరు "నాకు ఫొటోలంటే పిచ్చి" అన్న మాట మరిచిపోలేదు. మీ ఇద్దరికీ ఫొటోల యాత్రలో సీట్లు బుక్ చేసేశాను. పొద్దున్నే పడవలో ఒక చిన్న దీవికి తీసుకెళ్తారు. తెల్లటి ఇసక, మడ చెట్లు, అద్దంలాంటి నీళ్ళు. సాయంత్రందాకా ఫొటోలే ఫొటోలు. ఎక్కడ నిలబడాలో, వెలుతురు ఎటు పడాలో అన్నీ గైడు చూసుకుంటాడు. కెమెరాలతో ఇంకో ఎనిమిదిమంది కూడా ఉంటారు. ఆ వారం నాకు నికోబార్ ఓడలో డ్యూటీ. గైడే మీ హోటలుకొచ్చి తీసుకెళ్తాడు.

మీ
యుగంధర్

తా.క.: అక్కకి కూడా మంచిది ఒకటి కొనిపెట్టండి. నలుగురిలో పాతదానితో తిరిగితే చిన్నబుచ్చుకుంటుంది.

---

రాజాం

చిరంజీవి యుగంధర్‌కి,

నీ బావ నరసింగరావు ఆశీస్సులు. ఉత్తరం చదివి పొంగిపోయాను. మాకిద్దరికీ ఎనిమిదిమందా! ఇక్కడ ఎంత ఘనమైన పెళ్ళికైనా ఇద్దరే వస్తారు. అంతమంది ఎందుకోయ్, కొంచెం తగ్గించరాదూ?

నువ్వు చెప్పినట్టే విజయనగరం వెళ్ళి మీ అక్కకి ఒకటి కొన్నాను. ఎంత బరువో! మడిస్తే సంచిలో పట్టేస్తుందిలే. నాకు మాత్రం పెళ్ళినాటిదే చాలు. బీరువాలోంచి తీసి ఎండలో ఆరేశాను.

ఇట్లు,
నరసింగరావు

తా.క.: జుట్టుకీ మీసాలకీ రంగు వేయించాను. ఎనిమిదిమంది ఎనిమిది వైపుల నుంచి తీస్తుంటే నెరుపు ఎటు దాచను?

---

పోర్ట్ బ్లెయిర్

బావగారికి నమస్కారాలు.

ఎనిమిదిమందిని తగ్గించడం మన చేతిలో లేదు. వాళ్ళూ మీలాగే సొంత డబ్బు కట్టుకుని ఎక్కడెక్కడి నుంచో వస్తున్నారు. అయినా వాళ్ళతో మీకేం ఇబ్బంది ఉండదు, ఎవరి పని వాళ్ళు చూసుకుంటారు.

పెళ్ళినాటిది ఇంకా ఉందా! దాన్ని ఎండలో పెట్టకండి బావగారూ, పాడైపోతుంది. అలాంటివి ఇప్పుడు దొరకడం లేదు, చూసినవాళ్ళు ముచ్చటపడిపోతారు. ఉప్పునీళ్ళు తగలకుండా చూసుకోండి, అంతే.

మీ
యుగంధర్

తా.క.: మీ మీసాలకి రంగెందుకో నాకు అర్థం కాలేదు. అక్క వేయించిందా?

---

రాజాం

యుగంధర్‌కి,

ఆశీస్సులు రాసే ముఖం కూడా లేదు. వచ్చి నాలుగు రోజులైంది. ఫోన్లో చెప్పాలంటే గట్టిగా అరవాలి. ఇది అరిచి చెప్పుకునే సంగతి కాదు. అందుకే రాస్తున్నాను.

నేను పెళ్ళినాటి సూటు వేసుకుని టై కట్టుకున్నాను. మీ అక్క కొత్త పట్టుచీర కట్టుకుంది. పడవలో అందరూ నిక్కర్లలో ఉన్నారు. ఫొటోలు తీసేవాళ్ళకి నిక్కర్లు చాలులే అనుకున్నాను. డబ్బు కట్టి మరీ మమ్మల్ని తీయడానికి వస్తున్నారని నువ్వే రాశావు కదా. అలాగని నేను ఊరంతా చెప్పి వచ్చాను.

దీవిలో దిగాక వాళ్ళు ఎటు కెమెరా తిప్పితే అటు పరుగెత్తాం. మడ చెట్ల దగ్గర గైడు "సైడ్, సార్" అన్నాడు. నేను పక్కకి తిరిగి నిలబడ్డాను. మళ్ళీ "సైడ్, సార్" అన్నాడు. రెండో పక్కకి తిరిగాను. అలా మధ్యాహ్నందాకా నా ఎడమ చెంపా కుడి చెంపా ఆ దీవికంతటికీ చూపించాను. ఒకాయన కొమ్మ మీది లకుముకి పిట్టని తీయబోతుంటే, "పిట్టది తర్వాత తీసుకోవచ్చు, వెలుతురు పోతన్నాది" అని మందలించాను కూడా. పిట్ట ఎగిరిపోయింది. ఆయన నన్ను చూసిన చూపు ఇప్పటికీ అన్నంలోకి వస్తోంది.

సాయంత్రం ఒక పాకలో కూర్చోబెట్టి, అందరూ తీసినవి తెర మీద వేశారు. నేను తల దువ్వుకుని ముందు వరసలో కూర్చున్నాను. మొదట గద్ద. తర్వాత పీత. తర్వాత ఇసకలో పీత నడిచిన జాడ. "ముఖ్యమైనవి ఆఖర్న వేస్తారు" అని మీ అక్కతో అన్నాను. ఒకదాంట్లో మూలన ఎర్రగా ఏదో కనబడింది. గైడు "సారీ" అని గబుక్కున మార్చేశాడు. అది నా టై. దీపాలు వెలిగాయి. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

మీ అక్క మెల్లిగా, "ఏటండీ, మన బొమ్మ ఒక్కటీ నేదేటండీ?" అంది. నేను నోరు తెరిచేలోపు ఒక పెద్దావిడ వచ్చి, ఎంతో మర్యాదగా, "మీ కెమెరా ఎక్కడ పెట్టారు?" అని హిందీలో అడిగింది.

అప్పుడు తెలిసిందోయ్. తిరిగొస్తుంటే పడవలో ఆ ఎనిమిదిమందికీ వీపు చూపించి కూర్చున్నాను. పిట్ట పోగొట్టుకున్నాయన నాకు మంచినీళ్ళ సీసా ఇచ్చాడు. తిట్టినా బాగుండేది.

అన్నిటికంటే మీ అక్క ముఖం చూడలేకపోతున్నాను. అంత ఆశపెట్టి తీసుకెళ్ళాను. ఒక్క మాట అనదు. కొట్టుకొచ్చిన ప్రతివాడూ "ఫొటోలేవి మావా?" అంటున్నాడు. "కడుగుతన్నారు" అంటున్నాను. ఎన్నాళ్ళు కడుగుతారు?

ఇట్లు,
నీ బావ

తా.క.: ఫొటో పెట్టడానికి కొట్టు గోడకి ముందే పెద్ద మేకు కొట్టించాను. ప్రస్తుతం దానికి గొడుగు తగిలించాను.

---

పోర్ట్ బ్లెయిర్

బావగారూ,

తప్పు నాది. "కెమెరా" అనే ఒక్క మాట తా.క.లో రాసి ఉంటే మీకీ బాధ ఉండేది కాదు. నేను కొనమన్నది కెమెరా. పెళ్ళినాటిది అంటే రీలు కెమెరా అనుకున్నాను. మీతో మాట్లాడే ముఖం లేక ఫోన్ చేయడం లేదు. అక్క ఏమంటోంది? బాగా కోపంగా ఉందా?

మీ
యుగంధర్

తా.క.: మీసాల సంగతి ఇప్పుడు అర్థమైంది.

---

రాజాం

ఒరే తమ్ముడూ,

మీ అక్క ఈశ్వరి దీవెనలు. నీ ఉత్తరం మీ బావ విప్పలేదు. విప్పే ధైర్యం లేక సామాను వెనక పెట్టారు. నేనే తీసి చదివాను. ఆయన నీకు రాసింది కూడా, పోస్టులో వేయమని నా చేతికిస్తే, అంటించకముందే చదివాను.

నాకు కోపం లేదు. పడవ ఎక్కగానే నాకు సంగతి తెలిసిపోయింది. అందరి మెడల్లోనూ కెమెరాలే, అందరి కళ్ళూ సముద్రం మీదే. మా వైపు చూసినవాడు లేడు. గైడు ధనరాజు మన సిక్కోలు మనిషేరా. వాళ్ళ తాత చేపల వేటకని వెళ్ళి అక్కడే ఉండిపోయాడట. నన్ను పక్కకి పిలిచి, "అమ్మా, మీ కెమెరాలు ఏయమ్మా?" అన్నాడు.

"మాకు నేవు బాబూ. మమ్మల్నే తీస్తారని మా ఆయన అనుకుంటన్నారు."

పాపం నాలిక కరుచుకున్నాడు. "సెప్పీమంటారా?"

"సెప్పకు. నీకు దండం పెడతాను. ఆయనతో తెలుగే మాటాడకు."

ఎందుకన్నానో నీకైనా చెప్పాలి. రాజాం బజార్లో ఆయన ముందు నడుస్తారు, నేను వెనక. మధ్యలో ఒక ఎడ్లబండి పడుతుంది. పీటల మీద కూర్చున్న తర్వాత నలుగురిలో నా పక్కన నిలబడింది లేదు. అలాంటి మనిషి ఆ రోజు చెట్టు చెట్టు దగ్గరా "ఈశ్వరీ, ఇలాగ్రా, ఇంకా దగ్గరికి జరుగు" అన్నారు. గాలికి చెదిరితే ఇసకలో వంగి నా కుచ్చిళ్ళు సర్దారు. ఎవరూ చూడకపోతే నాకేం?

తెర మీద మేం లేకపోతే ఆశ్చర్యపోయినట్టు అడిగాను. అడక్కపోతే అనుమానం వస్తుంది కదా. అయితే తిరిగొచ్చేటప్పుడు పడవలో ఆయన తల దించుకుని, ఆ టై విప్పి జేబులో కుక్కుకుంటుంటే నాకు ప్రాణం చచ్చిపోయింది. పొద్దున్నే ఒక్క మాటతో ఆపగలిగేదాన్ని. ఆయన సిగ్గు నలుగురికీ కనబడింది. నాది ఎవరికీ కనబడలేదు, అంతే తేడా. ఇంటికొచ్చాక, నాకు ముందే తెలుసని చెప్పేద్దామని రోజూ అనుకుంటూనే ఉన్నాను.

దీవెనలతో,
మీ అక్క

తా.క.: నా ముఖం చూడలేక ఆయన తెల్లారకముందే లేచి, కాఫీ పెట్టి, నా మంచం పక్కన ఉంచి, చప్పుడు చేయకుండా వెళ్ళిపోతున్నారు. కాఫీ బాగుంటోందిరా. అందుకని వచ్చే నెలలో చెప్తాను. నువ్వు తొందరపడకు.