అమావాస్య ముందు సీలు చేసిన కంప్యూటర్

బహుళ దశమి, సోమవారం

నా పేరు గున్నమ్మ. వయసు డెబ్బై దాటింది, ఎంత దాటిందో అడగొద్దు. ఊరు వజ్రపుకొత్తూరు దగ్గర, సముద్రం ఒడ్డు. ఇంట్లో ముగ్గురం. నేను, కోడలు శారద, మనవరాలు హేమ. కొడుకు గుజరాత్ బోట్ల మీద ఉన్నాడు. నాకు అక్షరం రాదు. చెప్పేది నేను, రాసేది శారద. జీడిపప్పు పొట్టు తీసిన చేతులు... కాగితం మరకలైతే నాకు సంబంధం లేదు.

"అత్తా, అదీ రాయాలా?"

"రాయి. ఎందుకు రాయవు?"

ఈ రోజు పలాసలో నాకు డయాలసిస్. హేమ బండి మీద తీసుకెళ్లింది. నా మంచం పక్కన కూర్చుని ఒళ్లో లాప్‌టాప్ పెట్టుకుంటుంది. ఒక చెయ్యి మీటల మీద, ఒక చెయ్యి నా పాదం మీద. చల్లబడిందా అని చూస్తుంది. నాకు తెలీదనుకుంటుంది.

ఏకాదశి, మంగళవారం

"ఏటే, పొద్దున్నించీ ఏటి సేత్తన్నావు?"

"ఒక నమూనా కంప్యూటర్ తయారు సేత్తన్నాను మామ్మా. దీన్నించి ఆఫీసుకి కావలసినన్ని పుడతాయి."

"పెట్టెలేవీ?"

"పెట్టెలుండవు. అన్నీ ఎక్కడో ఒక పెద్ద మిషన్లో ఉంటాయి. ఎవరి బల్ల కాడ ఆళ్లు తెరుసుకుంటారు."

పుట్టించే ముందు నమూనాని సీలు చెయ్యాలట. అంటే అది తన పేరూ గుర్తులూ అన్నీ మరిచిపోవాలి. లేకపోతే పుట్టినవన్నీ ఒకటే గుర్తు చెప్పుకుని డొమైన్‌లో తగువులాడతాయట. డొమైనంటే ఒక ఇంటిపెద్ద చేతి కింద ఉండే ఉమ్మడి ఇల్లులాంటిదట. పెద్ద ఒప్పుకుంటేనే లోపలికి.

మంచిదే. కంప్యూటర్లకైనా ఆ బుద్ధి ఉంది. శారద మూతి ముడుచుకుని రాస్తోంది.

ద్వాదశి, బుధవారం

మళ్లీ పలాస. హేమకి వాళ్ల సారు హైదరాబాద్ నుంచి ఫోను. పక్కనే ఉన్నాను, వినపడింది. సోమవారం ఆఫీసంతా ఆ కొత్త కంప్యూటర్ల మీద పని మొదలెడుతుందట. అది సాఫీగా నడిస్తే హేమ ఇంటి నుంచే పని చేసుకోవచ్చు. లేదంటే హైదరాబాద్ వచ్చెయ్యాలి.

తిరిగొస్తూ బండి మీద అడిగాను. ఎల్తావా?

ఎల్లను. ఉద్యోగం మానేత్తాను.

మానేత్తే కాళ్లిరగ్గొడతాను గుంటా.

నవ్వింది. కానీ నేను వెనక కూర్చున్నదాన్ని... దాని వీపు వణకడం నాకు తెలిసింది.

త్రయోదశి, గురువారం

శనివారం సీలు చేస్తానంటోంది. శనివారం అమావాస్య. అమాసకి మా వాళ్లు పడవ దించరు, వల ముట్టరు. కొత్త పని మొదలెట్టరు.

"మామ్మా, ఇది పడవ కాదు."

"నీ బతుకు కాదేటి?"

సరే, రేపే చేసేస్తానంది. నా మాట తీసెయ్యలేదు. నాకు గొప్పగా అనిపించింది.

చతుర్దశి, శుక్రవారం

డయాలసిస్ మంచం పక్కనే పని ముగించింది. సీలు అయ్యింది. నేను పడుకునే దండం పెట్టుకున్నాను.

అమావాస్య, శనివారం

ఒక్కటీ లేవలేదు.

పుట్టించి చూసింది. తెర మీద చుక్కలు గుండ్రంగా తిరుగుతున్నాయి, తిరుగుతూనే ఉన్నాయి... లోపల అప్‌డేట్లు సగంలో ఉండగానే సీలు చేసేసిందట. అవి పూర్తయ్యేదాకా ఆగి, మిషన్‌ని ఒకసారి ఆపి, మళ్లీ లేపి, అప్పుడు చెయ్యాలట. ఆగడానికి నేను రోజు మిగల్చలేదు.

సారుతో మాత్రం "నా పొరపాటే సార్" అంటోంది. అన్నం ముట్టలేదు. చూసి చూసి ఫోను లాక్కున్నాను.

"ఎవరండీ?"

"హేమ మామ్మని బాబూ. అమాసొస్తాదని నేనే తొందర పెట్టినాను. పిల్లనేటీ అనకు."

"అవన్నీ మాకు చెప్పకండమ్మా. సాయంత్రంలోగా మళ్లీ చేసి పంపమనండి. ఇదే ఆఖరు."

గొంతులో కోపం లేదు. కోపం ఉన్నా బాగుండేది, నేనూ రెండు అనేదాన్ని.

హేమ నా వైపు చూస్తోంది. కదలదు. "మామ్మా... ఈ రోజు అమాస."

"అమాసైతే ఏటి? సెయ్యి."

"నువ్వే కదా—"

"నేనే. ఇప్పుడూ నేనే సెప్తన్నాను. సెయ్యి."

ఊళ్లో పడవలన్నీ ఇసక మీదే ఉన్నాయి. మొగోళ్లు అరుగుల మీద పేకాడుతున్నారు. మా ఇంట్లో ఒక్కర్తే పని చేస్తోంది. నేను గుమ్మంలో అడ్డంగా కూర్చున్నాను, ఎవరూ వచ్చి దాన్ని పలకరించకుండా. అప్‌డేట్లన్నీ దిగేదాకా ఆగింది. ఆపింది, లేపింది, అప్పుడు సీలు చేసింది. పరీక్షకి పుట్టించినవి రెండూ లేచాయట. తలో పేరూ పెట్టించుకుని డొమైన్‌లోకి వెళ్లాయట. చీకటి పడకముందే సారుకి పంపేసింది. రెండు లేచాయి సరే. ఆఫీసంతా ఒక్కసారి తెరిస్తే ఏమవుతుందో దానికీ తెలీదు.

శుద్ధ పాడ్యమి, ఆదివారం

సారు దగ్గర్నుంచి మాట లేదు. హేమ నాకు తల దువ్వింది. చిక్కు లేని చోట కూడా దువ్వింది.

విదియ, సోమవారం

పలాస బయల్దేరాలి. ఆఫీసు ఈపాటికి తెరిచుంటారు. హేమ బయట బండి తుడుస్తోంది, ఈ లోపల రాయి శారదా, గబగబా.

నేను చెప్పుకునేది ఇది. తొందర నాది, పని పిల్లది. పని మంచిది. ఉన్న చోటే ఉంచితే సంతోషం. హైదరాబాద్ రమ్మంటే పంపిస్తాను. ఉద్యోగం మాననివ్వను. నాకోసం ఆగిందన్న మాట నేను పడను. పలాసకి నేను ఆటోలో పోగలను.

"అత్తా..."

పోగలను అనే రాయి. నా మొహం చూడకు.

ఫోను మోగుతోంది. సారే అంటోంది హేమ. బండి తాళం పట్టుకుని అలాగే నిలబడిపోయింది, ఎత్తదు. ఎత్తవే... నేనున్నాను కదా, ఎత్తు—

గున్నమ్మ, బొటనవేలి గుర్తు.
చూసినవాళ్లు: రాసిన కోడలు శారద. మంచినీళ్లకొచ్చి ఆగిపోయిన పక్కింటి నీలమ్మ.