షాహీనాను పడేసిన రోజు

ఏవండీ,

నమస్కారం. మీరు వెళ్ళిపోయి మొన్న ఏకాదశికి ఏడు నెలలు నిండాయి. ఇన్నాళ్ళూ చెప్పడానికి కొత్త సంగతేం లేదు... ఇవాళ ఉంది.

ఏలూరులో మీ జూడో క్లాసు ఆగలేదండి. మీ శిష్యురాలు షాహీనా నడుపుతోంది. పెద్ద ఆడవాళ్ళెవరైనా ఉంటేనే పిల్లల్ని పంపుతామన్నారు తల్లులు. అందుకని పొద్దున్నే వెళ్ళి గోడ పక్కన కూర్చుంటున్నాను. నా లలితా పారాయణ అక్కడే.

పోయిన సోమవారం, షాహీనాతో జోడీ కట్టే కైకలూరు అమ్మాయి జ్వరమొచ్చి రాలేదు. తనకు ఇంకెవరూ లేరు. "అమ్మగారూ, మీరు రండి. మాస్టారి కోటు ఉందిగా," అంది. నాకు యాభయ్యేళ్ళొచ్చాయే తల్లీ అన్నా వినలేదు.

నేను వెనకాడింది వయసుకు కాదు. ఆ రోజు పెరట్లో మీరు పడిపోతే లేపలేకపోయాను. చంకల కింద చేతులు వేసి ఎంత లాగినా మీరు కదల్లేదు. పక్కింటివాళ్ళు వచ్చేదాకా మీ తల ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను, అంతే. అప్పట్నించి ఈ చేతుల మీద నమ్మకం పోయింది. ఇంకాస్త బలం ఉండి ఉంటే...?

పంజాబీ డ్రెస్సు మీద మీ తెల్లకోటు వేసుకున్నాను. నేర్పే పట్టు పేరు "ఒసోతో-గారి" అట. ఒక చేత్తో షాహీనా కాలరు, ఇంకో చేత్తో తన చొక్కా చెయ్యి పట్టుకుని, బరువంతా తన కుడి మడమ మీదకు వాల్చి, ఆ కాలిని వెనక నుంచి నా కాలితో తీసెయ్యాలి.

కానీ కాలికి కాలు తగిలితే ఊరుకోగలనా? చటుక్కున పట్టు వదిలేసి, తన భుజం తాకి కళ్ళకద్దుకునేదాన్ని. ఒకసారి కాదు, వారం రోజులు! పిల్లలు ఒకటే నవ్వులు. "దణ్ణాలన్నీ ఆఖర్న ఒకేసారి పెట్టేసుకుందురు గాని అమ్మగారూ, ముందు నన్ను పడెయ్యండి బాబూ!" అని తను మొత్తుకుంది.

ఇవాళ మీ మాట గుర్తొచ్చింది. అన్నం తింటూ మీరు చెప్తుంటే నేను ఊఁ కొట్టేదాన్ని... "బలం కాదు కామేశ్వరీ. ఎదుటి మనిషి బరువు ఎటు పోతోందో చేతులకు తెలుస్తుంది. నువ్వు అటే పంపించెయ్యి."

తెలిసిందండి! షాహీనా బరువు మడమ మీదకు జారడం నా వేళ్ళకు తెలిసింది. కాలు తీశాను. అంత పిల్ల గాల్లో... పూలసజ్జ అంత బరువు కూడా లేదు. ధన్‌మని చాప మీద పడింది. తన చొక్కా చెయ్యి మాత్రం నేను వదల్లేదు. తల నేలకు తగలకుండా పైకి పట్టుకునే ఉన్నాను. పట్టుకోమని నా చేతికి ఎవరు చెప్పారు?

హారతి వెలుగులో అమ్మవారి ముఖం కనబడ్డప్పటిలా ఒళ్ళు జలదరించింది. ఇన్నేళ్ళూ రోజూ మీరు చూసింది ఇదేనా? నన్నెందుకు పిలవలేదు? పిలిచారేమో... పనుందని నేనే అన్నానేమో.

ప్రాణమున్న మనిషి బరువు ఎటో ఒకవైపు కదులుతుంది. ఆ రోజు నా చేతులకు మీ దగ్గర ఏ కదలికా తెలియలేదు. అంటే నేను పరుగున వచ్చేసరికే మీరు వెళ్ళిపోయారా? అయితే తప్పు నా చేతులది కాదు కదండీ...

రేపు నన్ను కూడా పడెయ్యమని షాహీనాను నేనే అడిగాను. పడడం కూడా నేర్చుకోవాలిగా. భయంగానే ఉంది... అయినా వెళ్తాను లెండి.

మీ
కామేశ్వరి