చివరి పంక్తి

3 మే 2006, బుధవారం

కరెంటు రోజుకు నాలుగు గంటలు. అదీ సగం వోల్టేజి. షాపు ముందు కాలిపోయిన పంపుసెట్ మోటార్లు వరుసగా... రైతులకు కష్టకాలం, నాకు చేతినిండా పని. మోటారులో రాగి తీగ మళ్ళీ చుట్టేటప్పుడు తొందర పనికిరాదు. ఒక్క చుట్టు తప్పినా మళ్ళీ మొదటికే. ఓపిక తప్ప నా దగ్గర వేరే ఏమీ లేదని అమ్మ అంటుంది. మెచ్చుకోలు కాదు.

6 మే, శనివారం

కోలారు వాళ్ళ జవాబు వచ్చింది. పిల్లవాడు మంచివాడే, కానీ సర్కారి కెలస, అదే గవర్నమెంటు ఉద్యోగం, కాదు కదా అన్నారట. పదకొండో సంబంధం ఇది. అమ్మ లెక్క పెడుతుంది. నేను పెట్టను అని రాద్దామనుకున్నా గానీ, నాకూ గుర్తే.

7 మే, ఆదివారం

తమ్ముడు సురేశ చెప్పలేదు, అమ్మ చెప్పింది. సోమేనహళ్ళి వాళ్ళు వాడికి పిల్లనిస్తామన్నారు. కానీ ఆషాఢం దాకానే ఆగుతారట. అన్న ఉండగా తమ్ముడికి చేస్తే ఇక అన్న గడప ఎవరూ తొక్కరని అమ్మ భయం. వాడికి ముప్పై రెండు, నాకు ముప్పై ఆరు. నా కోసం నాలుగేళ్ళు ఆగాడు. ఒక్కసారైనా విసుక్కోలేదు. విసుక్కుని ఉంటే నాకు కొంచెం తేలిగ్గా ఉండేది.

ఆషాఢం లోపల నాకు కుదరకపోతే వాడిది చేసేయమన్నాను. అమ్మ ఏడ్చింది. నాకూ ఏడుపొచ్చింది. షాపుకు వెళ్ళి షట్టరు సగం దించుకుని ఏడ్చాను.

10 మే, బుధవారం

ఆదివారం చిక్కబళ్ళాపురంలో మామ కూతురి పెళ్ళి. ముందురోజు రాత్రి రిసెప్షన్. అక్కడికి చింతామణి నుంచి ఒకరు వస్తున్నారట. వాళ్ళకు పెళ్ళికావలసిన కూతురుంది. స్టేజి దగ్గర నన్ను చూస్తారట. అమ్మ మూడు షరతులు పెట్టింది. కొత్త చొక్కా వేసుకోవాలి. గోళ్ళు తోముకోవాలి. చారు బకెట్టు ముట్టుకోకూడదు.

మా పెళ్ళిళ్ళలో వంట వంటవాళ్ళది, వడ్డన చుట్టాలది. పదిహేనేళ్ళుగా చారు నాదే. ఆకులు చూస్తూ పోతాను, ముఖాలు చూడను. ఇన్ని వందలమందికి వడ్డించాను కదా, బజార్లో ఎదురుపడితే ఒక్కరినీ గుర్తుపట్టలేను. సంబంధాలు కుదరకపోవడానికి అదీ ఒక కారణమని సురేశ ఎగతాళి.

13 మే, శనివారం రాత్రి

కొత్త చొక్కా మీద చారు. రేపు రాస్తాను.

14 మే, ఆదివారం

ముహూర్తం అయింది. భోజనాలూ అయ్యాయి. అమ్మ నాతో మాట్లాడటం లేదు. నిన్నటి సంగతి ఇప్పుడు రాస్తున్నా.

ఏడున్నరకు మామ వచ్చాడు. చారు పట్టవలసిన మనిషి రాలేదట. బకెట్టు నా పక్కన పెట్టి నిలబడ్డాడు. ఒక్క పంక్తే కదా అనుకున్నా. నాలుగయ్యాయి. చింతామణి వాళ్ళు ఇంకా రాలేదని సురేశ చెప్పాడు, అది ఒక ధైర్యం.

తొమ్మిదింటికి చివరి పంక్తి. వడ్డించిన మేము, ఆలస్యంగా వచ్చినవాళ్ళు... అందరికీ కలిపి తొమ్మిది ఆకులు. మొదటి ఆకు ముందు ఒక ముసలాయన. ఎనభై దాటి ఉంటాయి, నోట్లో ఒక్క పన్ను లేదు. పక్కన మనవరాలు. ఆమె పక్క ఆకు ఖాళీగా ఉంటే నేను కూర్చున్నా. విదురాశ్వత్థం నుంచి వచ్చారట. మంచేనహళ్ళి దగ్గర బస్సు టైరు పంక్చరై రెండు గంటలు రోడ్డు మీదే ఉండిపోయారట.

పంక్తిలో పెద్దాయన లేచేదాకా ఎవరూ లేవకూడదు. చిన్నప్పుడు లేవబోతే నాన్న తొడ మీద చెయ్యి వేసి అదిమేవాడు. ఈ పంక్తికి పెద్ద ఆ ముసలి తాతే. ఒక ముద్ద పెట్టుకుంటే అది దిగడానికి మేం ఒక ఓళిగ, అదే బొబ్బట్టు, తినేసేటంత సేపు పడుతోంది.

మేం సగంలో ఉండగా సురేశ వచ్చాడు.

"అన్నా, చింతామణోళ్ళు వచ్చుండారు. స్టేజి కాడ నిలబడుకోని ఉండారు. అమ్మ పిలుస్తాండాది."

అయిపోయింది, వస్తున్నానన్నాను. నా ఆకు ఖాళీ అయింది. తాత ఇంకా చారన్నం దగ్గరే. చివరి నుంచి ఇద్దరు లేచారు. తర్వాత ఇంకో ఇద్దరు. ఈ రోజుల్లో ఎవరూ ఏమీ అనరు. సురేశ మళ్ళీ వచ్చాడు. వాళ్ళకు ఆఖరి బస్సు పదింటికట. ఇంకో ఇద్దరు లేచారు. మిగిలింది మూడు ఆకులు.

ఎందుకు లేవలేదు? మర్యాద అని రాస్తే సగమే నిజం. ఒక్కొక్కరు లేచేకొద్దీ తాత తొందరపడుతున్నాడు. నమలలేక మింగుతున్నాడు. ఒక ముద్ద అడ్డం పడి దగ్గాడు. ఆమె వీపు రాసింది. ఆయన ఆకు మడవబోయాడు, సగం అన్నం ఉండగానే. అది చూడలేకపోయాను.

"నిదానంగా తినండి తాతా, నాకింకా కాలేదు" అన్నాను. అబద్ధానికి సాక్ష్యం కావాలి కదా, చారు పోయించుకున్నా. ఉత్త ఆకులో చారు... అటు ఇటు పారి చొక్కా మీదికి వచ్చింది.

"మీ ఆకులో అన్నమే లేదే" అంది ఆమె, చిన్నగా.

"చారు నాది. అన్నం వేరేవాళ్ళ డ్యూటీ" అన్నా.

నవ్వింది. పదకొండు పెళ్ళిచూపుల్లో ఎవరినీ నవ్వించలేదు నేను.

తాత మడిచిన ఆకు మళ్ళీ విప్పాడు. ఆ తర్వాత ఇంకో అరగంట. ఆమె టీచరు. వాళ్ళ స్కూలు మోటారు కాలి మూడు నెలలైందట, సెలవులిచ్చేదాకా పిల్లలు ఇంటి నుంచి సీసాల్లో నీళ్ళు తెచ్చుకునేవారట. నా గోళ్ళ అంచు నలుపు చూసి ఏమిటని అడిగింది. మోటారు తీగకు పూసే వార్నిష్ అని చెప్పాను. దాచుకోలేదు. తాతను వదిలి ఎక్కడికీ పోనని వచ్చిన సంబంధాలన్నీ వెనక్కి పంపిందట. ఈ మాట చెప్పింది ఆమె కాదు, తాత. ముద్దకూ ముద్దకూ మధ్య.

చివరికి నీళ్ళు తాగి ఆయన నా వైపు చూశాడు. "ఇంగ లేద్దామాప్పా?"

ముగ్గురం కలిసి లేచాం. స్టేజి దగ్గర ఎవరూ లేరు. అమ్మ ఒక్కతే కుర్చీలో, నా చొక్కా వైపు చూస్తూ.

17 మే, బుధవారం

అమ్మ ఇంకా మాట్లాడలేదు. కంచం మాత్రం చప్పుడుగా పెడుతోంది. సురేశ షాపుకొచ్చి, ఆ టీచరు పేరేమిటన్నాడు. అడగలేదన్నాను. నెత్తి కొట్టుకుని వెళ్ళాడు.

20 మే, శనివారం

మామ ఫోను. ఆ పంక్తి తాతే మామకు కబురంపి నా గురించి అడిగాడట. ఆమె పేరు నాగవేణి. ముప్పై రెండు. తల్లీ తండ్రీ లేరు, తాతే పెంచాడు. పెళ్ళయితే ఆయన కూడా వెంటే వస్తాడు. అదొక్కటే వాళ్ళ షరతు.

వారం తర్వాత అమ్మ నోరు విప్పింది.

"పిల్ల బాగుండాదంట, సరే. ముసలాయప్పను గూడా తెచ్చుకోవల్లంటే ఎట్లారా? ఆయప్ప యాడ పండుకుంటాడు?"

షాపు వెనక గది ఉంది కదా అన్నాను. అది మోటార్ల గది కదా అంది. మంచం పట్టిన మీ నాన్నకు మూడేళ్ళు చేశాను, ఇంక నాతో కాదు అంది. నిజంగా చేసింది. నేను చూశాను.

21 మే, ఆదివారం

అమ్మ మాట కాదనలేను. ఆ నవ్వు మరిచిపోలేను. రెండూ నిజం.

23 మే, మంగళవారం

మోటార్లు బయట పెట్టాను. గది కడిగాను. వార్నిష్ వాసన పోలేదు.

25 మే, గురువారం

అమావాస్య దాటాక ఆదివారం వాళ్ళే వస్తారట. పిల్లను చూడటానికి మనం పోవాలి గానీ ఇదేం పద్ధతి అని అమ్మ. తను తినబోయే ఇల్లు ముందు చూడాలని తాత అన్నాడట. అమ్మ సరేననలేదు. కానీ కందిపప్పు నానబెట్టమంది... లేదు, రేపు తెమ్మంది. తప్పు రాశాను.

28 మే, ఆదివారం రాత్రి

పదకొండు గంటల బస్సుకు వచ్చారు. తాత గది చూశాడు. వాసన చూశాడు. నాగవేణి షాపులో తీగ చుట్టలు ముట్టుకుని చూసింది. ఒక్క మోటారుకు ఎన్ని రోజులని అడిగింది. రెండు రోజులన్నాను. "తొందర చేస్తే?" అంది. మళ్ళీ కాలిపోతుందన్నాను. తలూపింది.

భోజనానికి అమ్మ వడ్డించబోతే తాత ఒప్పుకోలేదు. "నువ్వూ కూచోమ్మా. తల్లి నిలబడుకోని ఉంటే నాకు ముద్ద దిగదు" అన్నాడు. నేను వడ్డిస్తానన్నాను. అమ్మ ఎప్పుడూ ఎవరితో కలిసి కూర్చుని తినదు. ఇవాళ కూర్చుంది, గోడ పక్కన, చివర్లో.

అమ్మ తిండి ఐదు నిమిషాలు. ఇవాళా అంతే. సురేశదీ అయింది. నాగవేణి మెల్లగా తింటోంది. తాత రెండో ముద్దలో ఉన్నాడు. చారు గిన్నె పట్టుకుని నిలబడి అమ్మనే చూస్తున్నాను. అమ్మ చెయ్యి నేల మీద ఆనించింది, లేవడానికి. వంటింట్లో పాలు పొయ్యి మీదున్నాయి, నాకూ తెలుసు. తాత చెయ్యి నోటి దగ్గర ఆగిపోయింది. అమ్మ చూసింది. చెయ్యి వెనక్కి తీసుకుని ఒళ్ళో పెట్టుకుంది.

పాలు పొంగిన వాసన ఇల్లంతా వచ్చింది. అమ్మ కదలలేదు. సురేశ లేవబోతే, అమ్మ వాడి తొడ మీద చెయ్యి వేసి అదిమింది.

నాలుగు గంటల బస్సుకు వెళ్ళిపోయారు. తాత వెళ్తూ ఏ మాటా ఇవ్వలేదు. నాగవేణి తాతతో మాట్లాడి చెబుతానంది. అమ్మ సరే అనలేదు, కాదనీ అనలేదు. మాడిన పాలగిన్నె చాలాసేపు తోమింది. ఆషాఢానికి ఇంకా నెల ఉంది.

ఇందాక దీపం ఆర్పాక చీకట్లోంచి అమ్మ గొంతు.

"ఆయప్పకు రాగిముద్ద మెత్తగా చేస్తే దిగతాదా?"

తెలీదన్నాను.

"తెలీకపోతే అడగల్ల" అంది. అటు తిరిగి పడుకుంది.

మళ్ళీ దీపం పెట్టుకుని ఇది రాస్తున్నా. అడగాలి. ఫోను వాళ్ళ పక్కింట్లో ఉంది, పొద్దున్నే అయితే నాగవేణి దొరుకుతుంది.