షుగర్ బంద్

10 జూన్ 2024, సోమవారం. ఉదయం 11.40

నేటి నుండి క్లినిక్ ఫోన్ బాధ్యత నాది. డాక్టర్ హర్షిణి గారు నిజామాబాద్ నుండి వారానికి రెండు రోజులే బోధన్ వస్తారు. మిగిలిన రోజుల్లో ఆవిడ మాటను వాట్సాప్‌లో పేషెంట్లకు చేర్చాలి. చదివినది పదో తరగతి. ఇరవై మూడేళ్ల కంపౌండర్ పని మందుల డబ్బాల్లోని కాగితాలు చదివి నేర్చుకున్నాను.

పంపిన రిపోర్టులు 14. వచ్చిన జవాబులు 9. ఒక కాగితం కోసం బస్సెక్కి రావలసిన పద్నాలుగు మందికి ఒక పూట మిగిలింది.

సాయంత్రం 4.15

కోటగిరి గంగుబాయి అవ్వ, బీడీలు చుట్టే మనిషి. ఫాస్టింగ్ షుగర్ 168. చాయ్‌లో చక్కెర పూర్తిగా మానాలి, మందులు మార్చనక్కర లేదు అని డాక్టరమ్మ ఫోన్‌లో చెప్పారు. అవ్వ కూతురు సవితకు ఇలా టైప్ చేశాను: ‘షుగర్ బంద్ చేయండి. మిగతావన్నీ యథాప్రకారం.’

రెండు నీలి టిక్కులు. వెంటనే బొటనవేలి గుర్తు. అక్షరదోషం లేదు. తృప్తి కలిగింది.

21 జూన్, శుక్రవారం

క్లినిక్ బల్లలు ఖాళీ. ఊళ్లో షుగర్ ఫ్యాక్టరీ నడిచిన రోజుల్లో సైరన్ మోగగానే షిఫ్ట్ దిగినవారు చెరుకు మడ్డి వాసనతో వచ్చి వీటి మీద కూర్చునేవారు.

3 జూలై, బుధవారం. మధ్యాహ్నం 1.10

సవిత తల్లిని ఆటోలో తెచ్చింది. ఎడమ కాలి చిటికెన వేలు నల్లబడింది. పాదం ఉబ్బింది. షుగర్ 412.

గోళీలు వేసుకుంటున్నావా అని అడిగాను. అవ్వ నన్ను వింతగా చూసింది. నువ్వే రాస్తివి గద బిడ్డా షుగర్ బంద్ అని, ఆ దినం సంది ముట్టలే, బీపీదొక్కటే ఏస్కుంటున్న, అన్నది. మరి చాయ్‌లో చక్కెర అన్నాను. అదెందుకు బంద్ జేస్త, మిగతాయన్ని ఎప్పటి లెక్కనే అంటివి గద, అన్నది.

ఈ ఊళ్లో ‘షుగర్ బంద్’ అన్న మాటకు అర్థాలు:
1. ఫ్యాక్టరీ మూతపడటం.
2. తీపి మానటం.
3. షుగర్ గోళీ ఆపటం.

మూడూ నాకు తెలుసు. బోధన్‌లోనే పుట్టాను.

1.50

పాదం ఫోటో డాక్టరమ్మకు పంపాను. నాలుగు నిమిషాల్లో సర్జన్‌కు చూపించి, నిజామాబాద్‌లో బెడ్ సిద్ధం చేయించారు. ఆలస్యమైతే పాదమే పోతుందట. 2.25కు అంబులెన్స్ కదిలింది. ఫోన్‌ను నిందించటానికి కూడా వీలు లేదు.

5 జూలై, శుక్రవారం

వేలు తీసేశారు. పాదం నిలిచేదీ లేనిదీ పది రోజులు గడిస్తే గాని చెప్పలేమన్నారు.

డాక్టరమ్మకు నా మెసేజ్ చూపించాను. నేను పంపినా ఇదే పంపేదాన్నేమో అన్నారు. ఆ దయ నాకు అక్కరలేదు.

ఈ క్లినిక్ పెట్టిన ఆత్మారాం డాక్టర్ గారు పోయి ఆరేళ్లు. పేషెంట్ స్టూల్ మీద నుండి లేవబోతే చెయ్యి పట్టుకుని ఆపేవారు. నీకేం సమజైంది, జర మళ్ల చెప్పు అనేవారు. చెరుకు రైతు వెంకటి ఒకసారి, మీకు కోపమొచ్చిందని సమజైంది సారూ అన్నాడు. గదంతా నవ్వింది. డాక్టర్ గారూ నవ్వి, మొదటి నుండి మళ్లీ చెప్పారు. వరుస పెరిగిపోతోందని బయట నిలబడి విసుక్కున్నది నేనే.

9 జూలై, మంగళవారం

బొటనవేలి గుర్తు ఎందుకు పెట్టావని సవితను అడిగాను. మెసేజ్ ముట్టిందని పెట్టిన అన్నా, అన్నది.

16 జూలై, మంగళవారం

నిజామాబాద్ వెళ్లి అవ్వను చూశాను. పాదం సంగతి ఇంకా తేల్చి చెప్పలేదు. తప్పు నాది అన్నాను. గీడ చక్కెర లేని చాయ్ తాపుతున్నరు, దానికంటె పెద్ద తప్పా నీది, అని నవ్వింది. సవిత బయటకు వెళ్లగానే గొంతు తగ్గించి, నడుస్తనా బిడ్డా అని అడిగింది.

తెలియదన్నాను.

4 ఆగస్టు, ఆదివారం. ఉదయం 6.52

సవిత ఫోన్ నుండి వాయిస్ మెసేజ్. పంతొమ్మిది సెకన్లు. మాట లేదు. చెప్పుల చప్పుడు, ఒక కాలు కొంచెం బరువుగా. పదకొండు అడుగులు.