బెల్టు దానంతటదే ఆగలే

వేణన్నా, నువ్వు రాసిన షిఫ్టు రిపోర్టుల నా పేరు ఎగ్గొట్టినవ్. కొమురెల్లి కాక కండువా బొగ్గు బెల్టుల చిక్కి, మనిషి రోలర్ల కిందికి పోతుంటే ఎమర్జెన్సీ తాడు గుంజింది నేను. నువ్వేం రాసినవ్? ‘కొమురెల్లి అరిచిండు. సూపర్వైజర్ ఉరికొచ్చిండు. బెల్టు ఆగింది.’ దానంతటదే ఆగిందా?

గోదావరిఖని బజార్ల పాత వ్యాకరణం పుస్తకం కొని ఏడాది సంది చదువుతున్న. మగోడు వచ్చిండు. బర్రె వచ్చింది, లారీ వచ్చింది, సంధ్యారాణి వచ్చింది. మేం ఆడోళ్లం నలుగురం కూడితేనే ‘వచ్చిండ్రు’. భాష గట్లుందని ఊకున్న. నువ్వు అసలు నన్నే మాయం జేసినవ్.

బెల్టు కాడ ఆడమనిషి పనికిరాదట, సోమవారం నుంచి ఆఫీసు ఊడ్వనీకి పంపుతున్నరు. బెల్టు ఆగిన దినం సంది నన్ను చూస్తే పక్కదారి పడుతున్నవ్. ఎవరు చెప్తే రాసినవ్? ఫోన్ల అడిగితే, తెల్లారి నేనట్ల అననేలేదంటవ్. కాయితం మీదనే చెప్పు, రేపు పొద్దూకేలోపల.

సంధ్యారాణి

*

ప్రియమైన చెల్లె సంధ్యకు,

భాషను నేను పుట్టియ్యలే గదనే. మా ఇంట్ల మీ వదిన గూడ ‘వచ్చింది’నే. అయినా ఆమె వస్తే నేనే లేచి నిలబడత.

నీ పేరు రాస్తే ‘మరి ఆపరేటర్ ఏడి?’ అంటరు. ఆ షిఫ్టుల బెల్టు ఆపరేటర్ మీ అన్న సదానందం. సూపర్వైజర్ పంపితే పోయిన్నని నీకు చెప్పిండు గదా? అబద్ధం. ఫోన్ పట్టుకొని చాయ్ హోటల్ల కూసున్నడు. వాని మీద రెండు మెమోలు ఇప్పటికే ఉన్నయ్. నా కాళ్లు మొక్కిండు. చీపురు పట్టినా నీ నౌకరి ఉంటది, వానిది పోతది. ఇది చదివి చింపెయ్.

నీ మేలు కోరే
వేణుమాధవ్

*

వేణన్నా,

చింపలే. అన్న ముంగట పెట్టిన. మూడు దినాలు నేను వండింది ముట్టలే.

నిన్న కొమురెల్లి కాక మా క్వార్టర్‌కు వచ్చిండు. మెడ మీద కండువా కోసిన గీత ఇంకా ఎర్రగనే ఉంది. చాయ్ తాగి పోయిండు. అన్న లేచి తెల్లకాయితం అడిగిండు.

“నీ నౌకరి పోతే?” అని నేనడిగిన.

“కాక మెడ చూసినవా?” అన్నడు.

‘ఆ టైంల నేను బెల్టు కాడ లేను. నా చెల్లె ఆపింది’ అని రాసి దస్కతు పెట్టిండు. నీకు జిరాక్సు పంపుతున్న. అసలుది నా దగ్గరనే ఉంటది. నిన్ను ఇంకా నమ్మలే.

రిపోర్టు మళ్ల రాయి. ‘బెల్టును సంధ్యారాణి ఆపింది.’ చివర్ల ‘ఇంది’ తోక అదే ఉండనీ, ముంగట నా పేరుండాలె. సోమవారం మొదటి షిఫ్టు సైరన్ కొట్టేలోపల ఆ కాయితం నా చేతుల పడాలె. లేకుంటే మేనేజర్ కాడికి పోత, నేనొక్కదాన్నే పోను.

సంధ్యారాణి